బీ-ఫారాలు పంచే పెద్దలకు, ఒక జిరాక్స్ షాపు నుంచి

గోదావరి జిల్లాల్లో పార్టీలు నడిపే పెద్దలందరికీ నమస్కారాలండి.

నాది పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే వైపు ఒక ఊరు. మండలాఫీసుకి ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకుని 18 ఏళ్ళయింది. ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు, ధాన్యం డబ్బులు పడలేదని రాసుకున్న అర్జీలు, అన్నీ నా మిషన్ మీదుగానే వెళ్తాయి. ఎన్నికలొస్తే నామినేషన్ సెట్లు కూడా. మీ అందరి మనుషులూ నా దగ్గరికి వస్తారు, ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి కాగితాలు సర్దుకుంటారు, టీలు కూడా కలిసే తాగుతారు. నేను ఏ పార్టీలోనూ లేను. మేం హిందువులం, బీసీలం, కార్తీక మాసమంతా మా ఇంట్లో దీపం పెడతాం. ఇది ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఈ ఉత్తరం చేతికి రాగానే వీడు ఎవరి తాలూకు, ఏ మతం, వెనక ఎవరున్నారు అని మీలో కొందరైనా ఆరా తీస్తారు. ఆ ఆరా గురించే నేను రాస్తున్నాను.

మళ్ళీ స్థానిక ఎన్నికల మాటలు వినపడుతున్నాయి. ఎవరికి ఏ సీటు అని మీ ఇళ్ళ అరుగుల మీద పేర్లు రాసుకుంటూ ఉంటారు. పేర్లు ఖాయం చేసేముందు ఒక్కసారి ఇది చదవండి.

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి కదా. మా వార్డు జనరల్ మహిళకి వచ్చింది. ఇద్దరు నిలబడ్డారు. అందులో ఒకావిడ మా వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడ, ముస్లిం. మా ఇంటావిడ జాకెట్లు, మా అమ్మాయి యూనిఫాం, అన్నీ ఆవిడ కుట్టినవే. వీధంతా టైలరక్క అంటాం. అంతకు ముందు ఏడాది వానలకి మా వీధి బోదె పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకుపోయి, మురుగు నీళ్ళు గుమ్మాలు దాటి లోపలికొచ్చాయి. అందరం తిట్టుకున్నాం, ఆవిడ ఒక్కతే అర్జీ రాయించడానికి నా దగ్గరికొచ్చింది. నేను ఎప్పుడూ రాసేలాగే "మోకాలి లోతు నీళ్ళు నిలిచి ఉన్నవి" అని టైపు కొట్టబోతుంటే ఆపింది. "ఎవరి మోకాలు తమ్ముడూ? అంగుళాల్లో రాయి" అంది. మెడలో వేలాడే కొలతల టేపు పట్టుకుని ఆ ఉదయం వీధంతా తిరిగి కొలిచిందట. టేపు కొసన బురద ఇంకా ఆరలేదు. బిల్లు పుస్తకం వెనక పేజీలో రాసుకొచ్చింది. రామాలయం దగ్గర 14, వాటర్ ట్యాంకు దగ్గర 19, బడి గేటు దగ్గర 11. ఆ అంకెలు చూసే అనుకుంటాను, మూడు వారాలకి పొక్లెయిన్ వచ్చి బోదె తవ్వి వెళ్ళింది.

ఆ ధైర్యంతోనే నామినేషన్ వేసింది. గ్యాస్ పొయ్యి గుర్తు. ఏ పార్టీ వెనక లేదు, ఇంటింటికీ తనే తిరిగింది.

పోలింగుకి రెండు రోజుల ముందు, రాత్రి షట్టర్ దించబోతుంటే ఒక కుర్రాడు బండి మీద వచ్చి ఒక కాగితం ఇచ్చాడు, 200 కాపీలు కావాలన్నాడు. తెలిసిన కుర్రాడే. నేను చదవలేదు. మామూలుగా చదవను కూడా, రోజుకి ఎన్ని కాగితాలని చదువుతాం. తీసి, ఇంకా వేడిగా ఉండగానే రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేశాను. తెల్లారి మా గుమ్మంలోనే ఒకటి పడి ఉంది, అప్పుడు చదివాను. ఆవిడ పేరు ఎక్కడా లేదు. మన అమ్మవారి జాతర ఎవరి చేతిలో పెడుతున్నామో ఆలోచించండి, మన గుడి చెరువు ఎవరి పాలవుతుందో ఆలోచించండి, మీ పిల్లల కోసం ఆలోచించండి, అంతే. పోటీలో ఉన్నదే ఇద్దరు, పేరు రాయాల్సిన అవసరం లేదు.

11 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ కాగితం లేకపోతే గెలిచేదా అంటే నేను చెప్పలేను. ఎన్నిక అన్నాక ఎన్నో ఉంటాయి. కానీ వారం తరవాత ఆవిడ నా షాపుకొచ్చి రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి బోదె అర్జీ కాపీ, రెండోది ఆ కరపత్రం. నా మిషన్ డ్రమ్ము మీద గీత పడి ఉంది, తీసిన ప్రతి కాపీకీ కుడి పక్క అంచున పైనుంచి కిందికి వెంట్రుక మందాన నల్ల గీత వస్తుంది. రెండు కాగితాల మీదా ఆ గీత ఉంది. దాని మీద వేలు పెట్టి చూపించింది, ఏమీ అనలేదు. నేను చదవకుండా వేశాను అక్కా అన్నాను. సరే తమ్ముడూ అని వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ సరే నన్ను వదల్లేదు.

తరవాత తెలుసుకున్నాను. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవాళ్ళ పేరు, వేయించినవాళ్ళ పేరు, అడ్రసు ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఏ సెక్షన్‌లో ఉంది. చేత్తో రాసిన నకలు తప్ప ఏ పద్ధతిలో కాపీలు తీసినా అచ్చు వేసినట్టే లెక్క. అంటే జిరాక్స్ కూడా. అది అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల చట్టం, పంచాయతీలకి వేరే చట్టం ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. అదే 1951 చట్టంలో 123(3) అని ఇంకోటి ఉంది, మతం పేరుతో ఓటు అడగడం, మతం పేరుతో వేయొద్దనడం అవినీతి చర్య అంటుంది. 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల బెంచి, అందులో నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయినా సరే, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని తేల్చింది. ఇవన్నీ మీకు తెలియనివి కావు, మీ దగ్గర లాయర్లున్నారు. తెలియనిది నాకు. మీ కుర్రాళ్ళకి కూడా తెలియదు, ఎందుకంటే మీరు చెప్పరు.

ఆ కుర్రాడు ఏ పార్టీ మనిషో నేను రాయను. రాస్తే మిగతా పార్టీలవాళ్ళు మాది కాదుగా అని ఈ ఉత్తరం పక్కన పడేస్తారు.

ఆ కాగితంలో ఉన్న భయానికి అసలు ఆధారమే లేదండి. గుడి వార్డు మెంబరు చేతిలో ఉండదు, సర్పంచి చేతిలోనూ ఉండదు. దేవాదాయ శాఖ కింద ఉన్న గుడికి 1987 చట్టం ఉంది, ధర్మకర్తగా హిందువే ఉండాలి. రాజ్యాంగం కూడా ఈ రెండింటినీ విడిగానే పెట్టింది. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగానికి మతం చూడకూడదంటుంది, అదే అధికరణంలో ఐదో క్లాజు మాత్రం మత సంస్థల వ్యవహారాలు చూసే పదవికి ఆ మతం వాళ్ళే ఉండాలని చట్టం చేసుకోవచ్చంటుంది. ఆ తేడా న్యాయమైనదే, నేను ఒప్పుకుంటాను. మా గుడి కమిటీలో మావాళ్ళే ఉండాలి, మసీదు కమిటీలో వాళ్ళే ఉండాలి. బోదె తవ్వించడానికి, వీధి లైటు వేయించడానికి, తాగునీటి చెరువు నింపించడానికి ఏ మతమైతే ఏంటి? ఈ రెండూ ఒకటేనన్నట్టు జనాన్ని భయపెట్టడమే ఆ కరపత్రం చేసిన పని, దాన్ని మా ఊళ్ళో ఓ 200 ఇళ్ళకి చేర్చింది నేను.

కొన్నాళ్ళకి మీలో ఒకరు, పేరు చెప్పనండి, మా షాపు దగ్గర టీ తాగుతుంటే అడిగాను. ఈసారి ఎంపీటీసీకి టైలరక్కని చూడొచ్చు కదండీ అని. ఆయన కోపంగా ఏమీ అనలేదు, మర్యాదగానే మాట్లాడారు. "ఆవిడ మంచిదే. కానీ ఇక్కడ వాళ్ళ ఓట్లెన్నున్నాయి? మైనారిటీ సెల్లో ఏదన్నా చూద్దాంలే" అన్నారు. చెడ్డ మనిషి కాదు, నిజంగానే ఏదో ఒకటి ఇప్పిద్దామనే అన్నారు. అయినా ఆ మాట ఆ రోజు నుంచి నాకు పంటికింద రాయిలా ఉంది.

మైనారిటీ సెల్. మీ అందరి పార్టీల్లోనూ ఉంది. ముస్లిం అయితే, క్రైస్తవుడైతే ఆ సెల్లో జిల్లా కార్యదర్శి, రంజాన్‌కి ఇఫ్తార్ విందులో ఒక కుర్చీ, క్రిస్మస్‌కి కేకు కట్ చేసే ఫోటో. పైకి వెళ్తే మైనారిటీ కార్పొరేషన్, ఇంకా పైకి వెళ్తే మైనారిటీ సంక్షేమ శాఖ. గుంటూరు వైపు, సీమలో వాళ్ళ ఓట్లు బరువుగా ఉన్నచోట సీట్లు ఇస్తారు. 2024లో మన 175 మంది ఎమ్మెల్యేల్లో గెలిచిన ముస్లింలు ముగ్గురు, నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లె. పాత ఉభయ గోదావరి జిల్లాల్లో 34 సీట్లుంటే ఒక్కరూ లేరు. ఢిల్లీలో ఆ ఏడాది లోక్‌సభకి గెలిచిన ముస్లింలు 24 మంది, 543లో. జూన్ 9న ప్రమాణం చేసిన కేంద్ర మంత్రివర్గంలో ఒక్క ముస్లిం కూడా లేడు. మైనారిటీ వ్యవహారాల శాఖ బౌద్ధుడైన కిరణ్ రిజిజు గారికి ఇచ్చారు, బౌద్ధులూ మైనారిటీయే కాబట్టి అందులో తప్పు పట్టను. నాకు బాధ ఏంటంటే, ఆ మతం వాళ్ళు ఆ మతం పనికే అన్న లెక్క ఢిల్లీ నుంచి మా వార్డు దాకా ఒకేలా ఉంది. మన డెల్టాలో రైతుకి కావలసింది డ్రైన్లు, శివారు భూములకి నీళ్ళు, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీత. సాగునీటి సంఘానికి, మార్కెట్ కమిటీకి ఒక ముస్లిం రైతు పేరు, ఒక క్రైస్తవ రైతు పేరు మీకు ఎప్పుడైనా తోచిందా?

వాళ్ళ ఓట్లెన్నున్నాయి అన్న ప్రశ్నకి చరిత్రలో ఒక జవాబు ఉంది, అది ఈమధ్యే నాకు తెలిసింది, మీకు చెప్పాలి.

మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో సీట్లు మతాలవారీగా విడదీసి ఉండేవి. 1935 చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలో 215 సీట్లయితే 28 ముస్లింలకి, 8 భారతీయ క్రైస్తవులకి. ముస్లిం సీటుకి ముస్లింలే ఓటేయాలి, క్రైస్తవ సీటుకి క్రైస్తవులే. ఎవరి ఓటు వాళ్ళకి, ఎవరి మనిషి వాళ్ళకి. అది దేశాన్ని ఎక్కడికి తీసుకెళ్ళిందో 1947లో చూశాం. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభ విడి ఓటర్ల జాబితాలు తీసేసి, సీట్ల రిజర్వేషన్ మాత్రం కొంతకాలం ఉంచుదామని ముందు అనుకుంది. తరవాత 1949 మేలో సర్దార్ పటేల్ గారి సలహా సంఘం అదీ వద్దని చెప్పింది, సభ ఒప్పుకుంది. మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ గారు బెంగాలీ క్రైస్తవుడు, ఆయన రిజర్వేషన్ వదులుకుందామన్నారు. బేగం ఐజాజ్ రసూల్ గారు ఆ సభలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం మహిళ, ఆవిడా అదే అన్నారు, ఈ సీట్లు మమ్మల్ని మెజారిటీ నుంచి ఎప్పటికీ విడిగానే ఉంచుతాయి అని. అందరూ ఒప్పుకోలేదు. మన మద్రాసు నుంచి వెళ్ళిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ లాంటి ముస్లిం లీగ్ సభ్యులు గట్టిగా ఎదురు చెప్పారు, రక్షణ లేకపోతే మమ్మల్ని ఎవరు ఎన్నుకుంటారు అన్న భయం వాళ్ళది.

దీన్ని నేను ఇలా అర్థం చేసుకున్నానండి. చేతిలో ఉన్న సీట్లు వాళ్ళు వదిలేసింది ఒక నమ్మకం మీద. మీ ఓట్లతో కూడా మేం గెలుస్తాం, మీరు మా పేరు చూడకుండా మనిషిని చూస్తారు అన్న నమ్మకం. ఆ నమ్మకం వాళ్ళు మా ఓటర్ల మీద పెట్టారు, కానీ ఓటరు ముందుకి ఏ పేరు రావాలో తేల్చేది మీరు. మీరు బీ-ఫారం ఇవ్వకపోతే మేం ఎవరికి వేస్తాం? ఇక్కడ వాళ్ళ ఓట్లెన్ని అని మీరు అడిగిన ప్రతిసారీ అప్పుడెప్పుడో పోయిన ఆ పాత పద్ధతినే, ఎవరి ఓటు వాళ్ళకి అన్న పద్ధతినే, చట్టం లేకుండా మళ్ళీ నడిపిస్తున్నారు. ఇస్మాయిల్ సాహెబ్ గారి భయమే నిజమని తేల్చేస్తున్నారు. ఇంతకన్నా పెద్ద మాట నా దగ్గర లేదు, ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి.

రుషి సునాక్ గారు బ్రిటన్ ప్రధాని అవుతారని 2022 దీపావళి రోజున తేలింది. మా షాపు ముందు కూడా స్వీట్లు పంచారు, మీలో కొందరు ఫ్లెక్సీ కూడా వేయించారు. ఇంగ్లండు, వేల్సుల్లో హిందువులు 2021 లెక్కల్లో 1.7 శాతం. ఆయన గెలిచిన యార్క్‌షైర్ రిచ్‌మండ్‌లో హిందువుల ఓట్లతో గెలవడం జరిగే పని కాదు. ఆయన పార్టీ ఆయన్ని ఆ సీట్లో నిలబెట్టింది, భగవద్గీత మీద ప్రమాణం చేసిన మనిషికి అక్కడి తెల్లవాళ్ళు ఓటేశారు. 2023 జనవరిలో మన హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ గారు మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తే, అమెరికాలో పిల్లలున్న ఇళ్ళన్నీ, మా వైపు అలాంటి ఇల్లు లేని వీధి లేదు, ఆ వీడియో పంపుకున్నాయి. నేనూ పంపాను, నాకూ గర్వంగా అనిపించింది. అక్కడ మన బిడ్డలకి న్యాయమనిపించిన పద్ధతి ఇక్కడ టైలరక్కకి ఎందుకు ఉండకూడదు? ఇది దెప్పిపొడవడానికి అనట్లేదు, నిజంగా జవాబు కావాలి.

మన దగ్గర జరగలేదా అంటే జరిగింది. మన నరసాపురం మనిషి షరీఫ్ గారు 2019 నుంచి 2021 దాకా శాసనమండలి ఛైర్మన్. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు వచ్చినప్పుడు విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపారు, వారం తిరక్కుండా మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ నిర్ణయం ఒప్పో తప్పో ఇప్పటికీ మా బల్ల దగ్గర వాదనలవుతాయి. అవ్వాలి. కానీ ఆ కుర్చీలో ఆయన చేసిన పనికీ ఆయన నమాజుకీ ఏం సంబంధం? మండలి రూల్సు ఏం చెబుతున్నాయి అన్నదే వాదన. పదవిలో ఉన్న మైనారిటీ మనిషిని కూడా ఇలాగే, చేసిన పని మీద పొగడాలి, చేసిన పని మీదే తిట్టాలి.

క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన రాజశేఖరరెడ్డి గారు 2004 నుంచి 2009 దాకా ముఖ్యమంత్రి, తిరుమల బ్రహ్మోత్సవాలకి ముఖ్యమంత్రిగా పట్టువస్త్రాలు సమర్పించారు. వాళ్ళబ్బాయి జగన్మోహనరెడ్డి గారు 2019 నుంచి 2024 దాకా. మరి ఇంకేం కావాలి, ఆంధ్రాలో మతం అడ్డం కాదుగా అని మీలో ఒకరు నాతో అన్నారు. నేను చాలా రోజులు ఆలోచించాను. నాకు అర్థమైంది ఏంటంటే, కులబలం, ధనబలం వెనక ఉన్నవాళ్ళకి మతం అడ్డు రాదు. అవి రెండూ లేనివాళ్ళ దగ్గరికొచ్చేసరికే అది గోడ అవుతుంది. కుట్టుమిషన్ మీద బతికే ఆవిడకి, పాస్టరు గారి అబ్బాయికి, దళితుల పేటలో వార్డు మెంబరుగా నిలబడదామనుకున్న కుర్రాడికి అది గోడ.

పేట అన్నాను కాబట్టి ఇంకో మాట. ఇది చెప్పడానికి టెన్షన్‌గానే ఉంది, అయినా చెబుతాను. మనవైపు రిజర్వుడు సీట్లు ఎక్కువ. అమలాపురం పార్లమెంటు, దాని కింద అమలాపురం, రాజోలు, పి.గన్నవరం, ఇటు కొవ్వూరు, గోపాలపురం. స్థానిక సంస్థల్లో అయితే లెక్కే లేదు. ఒకసారి నామినేషన్ల రోజుల్లో ఒక కుర్రాడు ఫోటో దిగడానికి వచ్చాడు. మెడలో సన్న గొలుసు, దానికి చిన్న సిలువ. తెర ముందు కూర్చున్నాక గొలుసు చొక్కా లోపలికి వేసుకున్నాడు, పై గుండీ పెట్టుకున్నాడు, అయినా నల్ల చొక్కా మీద గొలుసు మెరుస్తోందని మళ్ళీ లేచి, తీసి జేబులో పెట్టుకున్నాడు. తీసేటప్పుడు కళ్ళు మూసుకుని దాన్ని ఒక్క క్షణం పెదాలకి ఆనించుకున్నాడు. అతను బాప్తిస్మం తీసుకున్నాడో, వాళ్ళమ్మ ఇచ్చిందని వేసుకున్నాడో నేను అడగలేదు. ఇంట్లో ఆదివారం చర్చికి ఒకరు, కార్తీక సోమవారం ఉపవాసం ఇంకొకరు ఉండే ఇళ్ళు మన డెల్టాలో ఎన్నో, మీ అందరికీ తెలుసు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాళ్ళు ఎస్సీ కారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవంలోకి, ఇస్లాంలోకి వెళ్ళిన దళితులు ఇప్పటికీ బయటే, మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలు బీసీ-సీ. హోదా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది, 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది, 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారితో ఇంకో కమిషన్ వేసింది. ఇవ్వకూడదనే ఎస్సీ సోదరుల వాదన కూడా నేను విన్నాను, ఉన్న కాస్త వాటాలో ఇంకొకరు వస్తే మాకేం మిగులుతుంది అంటారు, ఆ బాధ నిజం. అది కోర్టులు, పార్లమెంటు తేల్చాలి. చట్టం ఉన్నంతకాలం చట్టమే, దొంగ కాగితం పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

కానీ ఈ చిక్కుని మీరు ఎలా వాడుకుంటున్నారో చూడండి. మీ అభ్యర్థి అయితే గొలుసు లోపల పెట్టుకోమంటారు. ఎదుటివాడైతే చర్చి ముందు దిగిన ఫోటో వెతికించి పది కాపీలు తీయిస్తారు, ఆ ఫోటోలు తీయించుకోవడానికీ నా షాపుకే వచ్చారు. గెలిచాక కూడా ఆ ఫోటో ఒక ఫైల్లో దాచి, మాట వినకపోతే కలెక్టరుకి పంపుతామంటారు. ఒక మనిషి తను దేన్ని నమ్ముతున్నాడో దాచిపెట్టుకుని ఐదేళ్ళు పదవిలో భయపడుతూ కూర్చుంటే, అతను ఊరికి ఏం చేయగలడు? జనరల్ సీట్లకి ఈ గొడవే లేదు కదా. అక్కడ మతం అడిగే గడి నామినేషన్ పత్రంలోనే లేదు, ఎన్ని నింపానో, నాకు తెలుసు. నిజాయితీగా నేను క్రైస్తవుణ్ణి అని చెప్పుకునే దళిత కుర్రాడికి ఒక్క జనరల్ సీటు ఇవ్వండి. మీ చేతిలో పనే.

గెలిచిన ఎమ్మెల్యేలు, ఎంపీలు చేసే ప్రమాణం చూడండి. రాజ్యాంగం మూడో షెడ్యూల్‌లో దైవసాక్షిగా అనొచ్చు, దేవుడి మాట లేకుండా నిష్ఠతో ధృవీకరిస్తున్నానని కూడా అనొచ్చు. ఏ దేవుడో అందులో రాయలేదు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ పీఠిక దేవుడి పేరుతో మొదలు పెడదామని రాజ్యాంగ సభ సభ్యుడు కామత్ గారు సవరణ తెస్తే ఓటింగ్ పెట్టారు, 41 మంది అవునన్నారు, 68 మంది వద్దన్నారు. వద్దన్నవాళ్ళలో రోజూ పూజ చేసుకునేవాళ్ళు లేరంటారా? దేవుడు పెద్దవాడే, కానీ ఆయన పేరు మీద ఎవరినీ బయట నిలబెట్టకూడదనుకున్నారు.

మన నేల సంగతి మీకు నేను చెప్పాలా. మే 15న కాటన్ దొర జయంతికి మీరందరూ పోటీ పడి దండలు వేస్తారు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆ మనిషి మతం ఏంటో మా తాతలకి తెలియక కాదు, పండితులు ఆయన్ని భగీరథుడితో పోల్చి స్నాన సంకల్పంలో తలుచుకున్నారు. పీర్ల పండక్కి మొక్కుకునే హిందూ ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కోనసీమలో ఆదుర్రు దిబ్బ మీద బౌద్ధ స్తూపం ఉంది. ఇక్కడ మనుషులకి ఇంకో మతం వాళ్ళతో బతకడం కొత్తగా నేర్పక్కర్లేదండి, మధ్యలో వచ్చి భయం పెట్టకుండా ఉంటే చాలు.

టైలరక్క గొప్ప మనిషి కాబట్టి సీటు ఇవ్వండి అని కూడా నేను అనట్లేదు. మైనారిటీ మనిషి అనేసరికి పరీక్ష పెట్టి నూటికి నూరు తెచ్చుకుంటేనే సరే అంటాం. మిగతావాళ్ళకి ఆ పరీక్ష లేదు, మామూలు మనుషులే నిలబడతారు, కొందరు బాగా చేస్తారు, కొందరు చేయరు, ఐదేళ్ళకి మేం మారుస్తాం. ఆవిడకీ అదే ఇవ్వండి. తప్పు చేసే హక్కుతో సహా. చేయకపోతే మేమే ఓడిస్తాం, బోదె తవ్వించలేదని ఓడిస్తాం.

మీ కుర్రాళ్ళకి ఒక మాట చెప్పండి, ఎదుటి అభ్యర్థి మతం మీద కరపత్రం వేస్తే మన పార్టీలో ఉండవని. మీ నోటితో, మీటింగులో, మైకులో చెప్పండి, ఫోన్లో మెల్లగా కాదు. నా వంతు నేను చేశాను. ఇప్పుడు నా షాపులో ఎన్నికల కాగితం ఏదైనా ముందు చదువుతాను, పేరూ అడ్రసూ లేకపోతే వేయను. ఇద్దరు ముగ్గురు గిరాకీ పక్క షాపుకి పోయింది, పోనివ్వండి. గీత పడిన డ్రమ్ము మార్చమని మెకానిక్కు ఎన్నిసార్లు చెప్పినా నేను మార్చలేదు.

పోయిన వారం టైలరక్క మళ్ళీ వచ్చింది, ఆ సంగతి జరిగాక అర్జీ కోసం నా దగ్గరికి రావడం ఇదే మొదలు. బోదె మళ్ళీ పూడింది, ఆ పొక్లెయిన్ తరవాత ఎవరూ తవ్వించలేదు. ఈ ఏడు వానలకి రామాలయం దగ్గర 16 అంగుళాలు, వాటర్ ట్యాంకు దగ్గర 21, బడి గేటు దగ్గర 12. అర్జీ నేనే టైపు చేశాను, డబ్బులు తీసుకోలేదు. నాలుగు కాపీలు ఎక్కువ తీసి మీ మీ పార్టీ ఆఫీసులకి కూడా పోస్టు చేస్తున్నాను. కుడి పక్క అంచున నల్ల గీత ఉంటుంది, చూసుకోండి.